పెరటి మల్లె



పెరటి చెట్టు మందునకు పనికిరాదని మనలో ఒక సామెత కలదు. దగ్గర నున్నదాని విలువ మనకు తెలియదని దాని భావము. ఈ సామెతను నేను ముప్పదియారు సంవత్సరములు పాఠశాలలో పిల్లలకు వివరించి చెప్పితిని. సొంతవాక్యములలో ప్రయోగింపుడని ప్రశ్నపత్రములలో నిచ్చితిని. కాని నా మట్టుకు నాకు దాని యర్థము గడచిన వైశాఖమాసమున మా అమ్మ పెరటిలో గాని బోధపడలేదు. ఆ సంగతియే నేడు మీకు మనవి చేయదలచితిని.

మాది దివిసీమ. కృష్ణానది పులిగడ్డయొద్ద రెండు పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. ఆ రెండు పాయలకును సముద్రమునకును నడుమ నున్న నేలయే దివిసీమ. మా గ్రామమునకు సముద్రము కొన్ని మైళ్ల దూరము మాత్రమే. మా అమ్మకిప్పుడు ఎనుబదియైదేండ్లు. మా నాయనగారు గతించిన పిమ్మటను ఆమె ఆ యిల్లు విడువలేదు. మా తమ్ముడు బందరులో కాపురముండి వారమునకొక పర్యాయము వచ్చి చూచిపోవుచుండును. నేను నా కుమారుని, కోడలిని, మనుమని, మనుమరాలిని వెంటబెట్టుకొని వేసవిసెలవులలో పదునైదు దినములు అచ్చట గడిపి వచ్చితిని.

తోట యనగానే మీరు ఎకరముల లెక్క వేసికొనవలదు. ఇంటివెనుక నూతినుండి దడివఱకు ఇరువది గజముల పొడవు, పది గజముల వెడల్పు గల జాగా యది. నడుమ తులసికోట. నూతిగట్టున ముద్దమందార. దడిప్రక్కన గన్నేరు, నందివర్ధనము. స్నానముల నీరు పారు కాలువవెంట చంద్రకాంతలు, కనకాంబరములు. వంటయింటి గోడకు ఆనుకొని పందిరి, దానిపై సన్నజాజి. ఆ పందిరికి ఈవల, ఉదయపుటెండ బాగుగ తగులుచోట, రొమ్మెత్తున గుబురుగా పెరిగిన బొండుమల్లె. మూలనున్న పారిజాతమునకు అది పూతకాలము కాదు. వర్షములు కురిసి శరత్కాలము వచ్చినగాని అది పూయదు.

ఈ తోటలోని ప్రతి మొక్కకును ఒక యింటిపేరు కలదు. మా అమ్మ మొక్కను చూపినపుడు దాని జాతి చెప్పి యూరకుండదు. "ఇది రేవు అత్తయ్య యిచ్చిన మందార, ఇది తూర్పువీధి వదినగారి చంద్రకాంత, ఇది మీ అక్క పంపిన జాజి" అని ఇచ్చినవారిని కూడ చెప్పును. చిన్ననాట ఈ మాటలను ఆడువారి ముచ్చటలని నేను పెడచెవిని బెట్టెడివాడను. అమరకోశములోని వనౌషధివర్గమును వల్లెవేసి, మల్లికకును మాలతికిని గల పర్యాయపదములను ఒక్క బిగిని అప్పగింపగలిగిన నాకు, మా పెరటి మల్లె ఎచ్చటినుండి వచ్చినదో తెలియదు. తెలిసికొనవలెనని తోచనులేదు.

ఆ పెరటిలో కాలము పూలతోనే నడచును. తెల్లవాఱునప్పటికి మందార విచ్చును, సాయంకాలమునకు ముడిచికొనును. ప్రొద్దు వాలి నాలుగైదు గంటలగునప్పటికి చంద్రకాంత కన్ను తెఱచును. మఱునాటి యుదయమున ఎండ పొడచూపగానే ముడుచుకొనును. అందుచేతనే ఆంగ్లేయులు దానిని నాలుగుగంటల పువ్వు అందురు. మా అమ్మ గోడగడియారము ఆగిపోయి యెన్నాళ్లైనదో ఆమె యెఱుగదు. చంద్రకాంత విచ్చినప్పుడు పొయ్యి రాజవేయును.

మల్లెమొగ్గలు కోయుటకు కూడ వేళ కలదు. ప్రొద్దు వాలకమునుపే, ఆనాడు విచ్చబోవు మొగ్గలను మాత్రమే ఏఱి కోయవలెను. అట్టి మొగ్గ తెల్లగా నిండి బొద్దుగా నుండును. ఆకుపచ్చఛాయ గలది మఱునాటిది. మా మనుమరాలు తొందరపడి రెండును కలిపి కోయగా మా అమ్మ, "రేపటిదానిని ఇవ్వాళ కోస్తే అది రేపూ విచ్చదే తల్లీ" అని చెప్పెను. ఇది ఎంత నిజమో వినుడు. మొగ్గ విచ్చుటకు ముందు దాని రేకులలో చక్కెర నిండును. ఆ చక్కెర నీటిని లోనికి లాగును. నీరు నిండిన రేకులు ఉబ్బి విచ్చుకొనును. ఆ సరకు సిద్ధముగాని మొగ్గను త్రుంచినచో అది ముడిచినది ముడిచినట్లే వాడిపోవును.

పరిమళము సంగతియు నట్టిదే. గులాబి రేకులలో సువాసనతైలము కొంత ముందే నిలువయుండును. మల్లె యట్లుగాక, విచ్చుచున్నపుడే సువాసనను పుట్టించుకొనుచు వెలికి విడుచును. చెట్టునుండి కోసిన తరువాతను కొన్ని గంటలవఱకు ఆ పని మానదు. అందుచేతనే మధ్యాహ్నము కోసి, తడిగుడ్డలో నుంచి, అరటినారతో కట్టిన దండ రాత్రి యింటినిండ ఘుమఘుమలాడును. ఫ్రాన్సుదేశమున గ్రాసు అను పట్టణమున పూర్వము కొవ్వు పూసిన అద్దపుపలకలపై మల్లెజాతి పూలను పఱచి, అవి విడుచు పరిమళమును ఆ కొవ్వునకు పట్టించి అత్తరు తీయుచుండిరి. కోసిన పూవు ఇంకను బ్రదికి పరిమళించుచున్నది గనుకనే ఆ యుపాయము సాగినది.

తెల్లనిపూలు రాత్రి యేల పరిమళించునని మా మనుమడు ప్రశ్నించెను. చీకటిలో ఎఱుపు నీలములు కానరావు. తెలుపు మాత్రము ఇంచుక కానవచ్చును. రాత్రి తిరుగు రెక్కలపురుగులకు ఆ తెలుపును, దూరమునుండి వచ్చు వాసనయు దారి చూపును. సన్నజాజిని, పారిజాతమును చూడుడు. రేకుల క్రింద సన్నని గొట్టము వంటి కాడ యుండును. పొడుగైన నాలుక గల పురుగు ఆ గొట్టములోని తేనెను పీల్చుచు ఒక పూవు పుప్పొడిని వేఱొక పూవునకు చేర్చును. దాని ఫలితముగా విత్తనము పుట్టును. ఇట్లు నేను పాఠము చెప్పినట్లే చెప్పి ముగించితిని.

అప్పుడు పదేండ్ల మా మనుమరాలు, "తాతయ్యా, మఱి మల్లెకు కాయ యేది? విత్తనమేది?" అని యడిగెను.

నేను చెట్టుకడకు పోయి చూచితిని. ఎన్నేండ్లనుండియో ప్రతి వేసవిని వేలకొలది పూలు పూసిన చెట్టు అది. ఒక్క కాయ లేదు. ఎండి రాలిన పూలను వెదకితిని. ఒక్క గింజ లేదు. పుష్పము ఫలమగునని ముప్పదియారేండ్లు చెప్పిన నోరు మూతపడినది. మా అమ్మ దండ కట్టుచునే నవ్వి, "దానికి విత్తనమెందుకురా, నేను లేనూ?" అనెను.

ఆ మాట మొదట హాస్యమనుకొంటిని. పిమ్మట పరిశీలించి చూడగా అది శాస్త్రము.

ఈ విషయమును మీరు మీ యింటనే పరీక్షింపవచ్చును. ఒంటిరేకల మందారపూవు నొకదానిని, ముద్దమందార నొకదానిని తెచ్చి ప్రక్కప్రక్కన బెట్టుడు. ఒంటిరేకల దానికి ఐదు రేకులుండి నడుమ ఒక కాడ పొడుగుగ వచ్చును. దానినిండ పసుపుపచ్చని పుప్పొడితిత్తులు గల కేసరము లుండును. ముద్దమందారలో ఆ కేసరములు చాలవఱకు కానరావు. వానికి బదులు రేకులే కిక్కిఱిసి యుండును. ఆ లోపలిరేకులను ఒక్కొక్కటిగ విప్పి చూచితిరేని, సగము రేకు, సగము కేసరమునైన వింతరూపములు దొరకును. రేకు అంచున ఎండిన పుప్పొడితిత్తి అంటియుండును. అనగా కేసరములే రేకులుగ మాఱినవన్నమాట. జర్మనుదేశపు మహాకవి గేటే 1790వ సంవత్సరమున ప్రకటించిన ఒక గ్రంథమున పూవులోని భాగములన్నియు ఆకుయొక్క రూపాంతరములే యని ప్రతిపాదించుచు ఇట్టి ముద్దపూలను కూడ విచారించెను.

అడవిలో ఇట్టి పూవు పుట్టినచో దాని వంశము నిలుచుట కష్టము. పుప్పొడి తక్కువ, విత్తనము తక్కువ. కాని మనుష్యుని కంటికి అది యందముగ తోచినది. దానిని కాపాడి, కొమ్మను నాటి, అంటు తొక్కి, ఇంటింటికి చేర్చినాడు. బొండుమల్లె యట్టిదే. ముద్దమందార యట్టిదే. నందివర్ధనములో ఒంటిరేకల దానికి ఒక్కొక్కప్పుడు కాయలు కనబడును. ముద్దదానికి లేవనియే చెప్పవచ్చును. కనకాంబరములలో ఢిల్లీ కనకాంబరమని పేరుగల రకము వేఱొక కారణముచే గింజ కట్టదు. దానిని కొమ్మలతోనే పెంచుదురు. వీనియన్నిటికిని గింజలోని మొలక మనుష్యుని చేయియే. ఆ చేయి వెనుకకు తీసికొన్ననాడు వాని వంశము ఆ పెరటితో సరి.

ఇక రెండవ తెగ కలదు. అవి తమ్ము తాము కాపాడుకొనునవి. కాశీతుంబ కాయను ముట్టుకొన్న తోడనే పగిలి గింజలను దూరముగ చిమ్మును. మామూలు కనకాంబరపు ఎండుకాయ మీద నీటిచుక్క పడినచో టప్పున విచ్చి గింజలను ఎగజిమ్మును. వాన పడుచున్నది, మొలచుటకు అదను అని దానికి తెలిసినట్లే యుండును. బంతిపూవు ఎండినచో ఆ యెండురేకుల మొదటనే విత్తులుండును. చంద్రకాంత మిరియమువంటి నల్లని ముడుతల గింజను వేయును. బంతియు చంద్రకాంతయు అమెరికా ఖండమునుండి సముద్రము దాటివచ్చినవనిన మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. నేడు బంతిపూల తోరణము లేని పండుగ మన కున్నదా? చేతినుండి చేతికి మాఱుచు వచ్చిన చుట్టములే మన యింటివారైనవి.

చంద్రకాంత గుఱించి యొక విశేషము చెప్పి ముందునకు పోయెదను. ఎఱ్ఱచంద్రకాంత పుప్పొడిని తెల్లచంద్రకాంతకు చేర్చగా వచ్చిన గింజలు సాధారణముగ గులాబిరంగు పూలు పూయును. ఆ గులాబిరంగు మొక్కల గింజలను మరల నాటినచో నాలుగింట ఒకటి ఎఱుపు, రెండు గులాబి, ఒకటి తెలుపు వచ్చుచుండును. తల్లిదండ్రుల గుణములు కలిసిపోయినట్లే కనబడినను లోపల నశింపక మఱుతరమున విడివడునని దీనివలన తెలియుచున్నది. కాని ఆకురంగు విషయమున కథ వేఱు. కొన్ని చంద్రకాంత మొక్కలకు ఒక కొమ్మ పచ్చగను, ఒకటి పాలిపోయినట్లును, ఒకటి మచ్చలుగను ఉండును. కార్ల్ కారెన్సు అను జర్మను శాస్త్రజ్ఞుడు వీనిని పరిశోధించి 1909వ సంవత్సరమున ఒక వింతను వెల్లడించెను. పుప్పొడి ఏ కొమ్మనుండి తెచ్చినను సరియే. గింజ పచ్చని కొమ్మమీద పుట్టినచో మొక్క పచ్చనిదగును. పాలిపోయిన కొమ్మమీద పుట్టినచో పాలిపోయినదగును. ఏలన, ఆకునకు పచ్చదన మిచ్చి ఎండనుండి ఆహారమును వండు రేణువులు ఆ మొక్కకు తండ్రివలన రావు, తల్లివలననే వచ్చును. మా అమ్మకు నేనీ సంగతి చెప్పగా, "అన్నం పెట్టేది తల్లేగదరా" అని ఊరకుండెను.

ఇంతవఱకును సంతోషమే. ఒకనాటి సాయంకాలము మా తమ్ముడు బందరునుండి వచ్చి నన్ను నూతియొద్దకు పిలిచి మెల్లగ ఇట్లనెను: "అన్నయ్యా, మొన్న మాఘమాసంలో అమ్మ ఈ పాచిమీదనే జారిపడి మోచేయి దెబ్బ తగిలించుకొన్నది. నీకు తెలిస్తే కంగారుపడతావని వ్రాయవద్దన్నది. వానకాలం పాములు వస్తాయి. పెరడంతా సిమెంటు చేయించి, అమ్మను మా యింటికి తీసుకుపోదామనుకుంటున్నాను. ఇంక ఈ మొక్కలకు నీళ్లెవరు పోస్తారు?"

వాని మాటలో అన్యాయమేమియు లేదు. వారమువారము వచ్చి చూచువాడు వాడు. ఏడాది కొకమాఱు వచ్చి పూల పరిమళమును మెచ్చుకొనిపోవు నాకు కాదనుటకు నోరెక్కడిది? నేను మౌనముగ నుంటిని. అరుగుమీద కూర్చున్న మా అమ్మకు చెవులు చక్కగ వినబడును. ఆమె ఇట్లనెను: "సిమెంటు వేయిస్తే వేయించండి నాయనా. నేను కాదనను. కాని ముందు మల్లెకు అంటు తొక్కండి. అది నాది కాదు. మీ నాయనమ్మది. అంతకుముందు ఆవిడ తల్లిది. నా చేతిలో ఉన్నది, అంతే. ఒకసారి పోగొట్టుకున్నాం. రెండోసారి పోగొట్టుకోకూడదు."

ఆ రాత్రి ఆరుబయట మంచములమీద మనుమలు చుట్టును చేరగా ఆమె ఆ పోగొట్టుకొన్న కథను చెప్పెను. అందులో సగము నే నెఱిగినదే. మిగిలిన సగము నాకును క్రొత్త.

ఆ మల్లెను మా నాయనమ్మ కాపురమునకు వచ్చినపుడు పుట్టింటినుండి తెచ్చుకొన్నదట. ఇంటి మల్లె గడప దాటరాదని, దాటినచో ఇంటి కలిమి దానివెంట పోవునని ఆమె నమ్మకము. ఎవరడిగినను పూలు దోసెడిచ్చును గాని కొమ్మ నీయదు. 1975వ సంవత్సరమున మా అక్కయ్యకు వివాహమైనది. అత్తవారిది నూజివీటి ప్రాంతము, మెట్టనేల. మా అమ్మ అత్తగారి కంట బడకుండ, అప్పటికి మూడునెలలక్రిందట తొక్కియుంచిన అంటు నొకదానిని కోసి, వేళ్లచుట్టు తడిమట్టి పెట్టి, అరటిదొప్పలో చుట్టి, సారెబుట్టలో చీరల యడుగున దాచి పంపినది. అత్తగారి మాట జవదాటుట ఆమె జీవితమున అదియే మొదలట.

తరువాతి మాట మీలో వృద్ధులు చెప్పకయే యెఱుగుదురు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ, కార్తికమాసము, శనివారము. పెనుగాలితోడి తుపానులో సముద్రము పొంగి దివిసీమమీద పడినది. తాటిచెట్టంత కెరటము వచ్చినదని చూచినవారు చెప్పుదురు. వేలకొలది జనులును, లెక్కకు మిక్కిలి పశువులును నశించిరి. నేనప్పుడు దూరపు పట్టణమున భాషాప్రవీణ చదువుచుంటిని. దారులు తెగిపోవుటచే కొన్ని దినములకు గాని ఇల్లు చేరజాలకపోతిని. మా వారు ఊరిలోని ఒక డాబామీదికెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. తూర్పువీధి వదినగారు, ఆమె యిద్దఱు పిల్లలు దక్కలేదు. ఆ వీధియే దక్కలేదు.

మా యింటి మట్టిగోడలు కూలినవి. నడిమిగది ఇటుకగోడలు నిలిచినవి. ఆ గదిలో ఉట్టిమీద ఒక ముంత, ఆ ముంతలో మా అమ్మ గుడ్డమూటలుగా కట్టియుంచిన విత్తనములు తడవక యుండెను. అందులో బంతివిత్తు లుండెను. ఆ యేటి శ్రావణమాసమున తూర్పువీధి వదినగారు దోసిట పోసియిచ్చిన చంద్రకాంత గింజలు నుండెను. మనిషి పోయినది, ఆమె యిల్లు పోయినది, ఆమె పెరడు పోయినది. ఆమె గింజలు మా ఉట్టిమీద మిగిలినవి. నేడు మా కాలువవెంట పూయుచున్న చంద్రకాంతలు వాని సంతతియే. "వదినగారి చంద్రకాంత" యని మా అమ్మ ప్రతిమాఱును పేరుపెట్టి చెప్పుట ముచ్చటకొఱకు కాదని నాకు ఆ రాత్రి తెలిసినది.

కాని మల్లెకు ముంతలో మూట లేదు. దానికి గింజయే లేదుగదా! ఉప్పునీరు మూడునాళ్లు నిలిచిన పెరటిలో అది మోడై నిలిచినది. ఉప్పునీట చెట్లేల చచ్చునో మీ యింటి ఆడువారు ఎఱుగుదురు. మాగాయకు మామిడిముక్కలు తఱిగి ఉప్పు కలిపియుంచినచో మఱునాటికి ముక్కలు కుదించుకొనిపోయి జాడీనిండ ఊట చేరును. ముక్కలోని నీటిని ఉప్పు వెలికి లాగినదన్నమాట. నేలలో ఉప్పు మిక్కుటమైనపుడు వేళ్లకును ఇదే గతి. చుట్టును నీరున్నను వేరు త్రాగజాలదు. పైగా తనలోని నీటిని పోగొట్టుకొనును. వరదనీటి నడుమ దాహముతో చచ్చుట యన నిదియే.

అక్కయ్య పుట్టింటివారిని చూడవచ్చి, చెట్టును చూచి, మఱుమాట లేక వెడలిపోయి, 1978వ సంవత్సరము ఆషాఢమున అంటు నొకదానిని తెచ్చినది. నాయనమ్మకు అప్పుడుగాని ఆ గుట్టు తెలియలేదు. ఆమె ఏమియు అనలేదట. ఆ మొక్క బ్రదుకలేదు. ఆకుల యంచులు మాడి నెలలోపల ఎండిపోయెను. నేలలో ఉప్పింకను తీఱలేదు. మఱుసటి యేడు మా నాయనగారు మోకాలిలోతు గోయి త్రవ్వి, పాతమట్టి తీసివేసి, కాలువ ఒండ్రును, మాగిన పెంటయెరువును నింపిరి. రెండు వానకాలముల నీరు కూడ ఉప్పును కొంత క్రిందికి దింపినది. అక్కయ్య మరల తెచ్చిన అంటు నాటుకొనెను. 1980వ సంవత్సరపు వేసవిలో మొదటి పూలు పూచినవి. పదునొకండు పూలట, మా అమ్మ కా లెక్క ఇప్పటికిని జ్ఞాపకము. నాయనమ్మ వానిని దేవుని పటముకడ బెట్టి, కోడలి చేయి పట్టుకొని, "నువ్వు నా మాట వినకపోవడమే మంచిదైంది" అని కన్నీరు పెట్టుకొనెనట. అటుపిమ్మట అడిగినవారికెల్ల అంట్లు ఇచ్చుచు వచ్చినది నాయనమ్మయే.

దాచినది పోయినది, ఇచ్చినది తిరిగివచ్చినది. నే నెన్ని నీతిశ్లోకములకు టీకలు చెప్పినను ఇంత స్పష్టముగ ఏ టీకలోను చెప్పజాలకపోతిని.

మఱునాడుదయమున పిల్లలచేతనే అంట్లు త్రొక్కించితిమి. మా అమ్మ వంగలేదు గనుక పీటమీద కూర్చుండి చేతికఱ్ఱతో చూపుచు చెప్పినది. ఆ పద్ధతిని మీకును చెప్పెదను. నేలకు దగ్గఱగ నున్న, మరీ లేతదియు మరీ ముదురుదియు గాని కొమ్మను ఎన్నుకొనవలెను. నేలకు తగులుచోట ఒక కణుపు క్రింద చాకుతో ఏటవాలుగ కొంచెము గాటు పెట్టవలెను, కొమ్మ తెగరాదు. అచ్చట జానెడు పొడవు పల్లము చేసి, ఒండ్రును ఎరువును కలిపి, గాటుపడిన భాగమును అందులోనికి వంచి, మట్టి కప్పి, పైకి లేవకుండ ఇటుకను బరువు పెట్టవలెను. కొమ్మకొన మాత్రము మట్టికి వెలుపల నుండవలెను. తడి యారనీయరాదు. వేళ్లు పట్టువఱకు తల్లిచెట్టే దానిని పోషించును. వానకాలమున ఈ పని బాగుగ సాగును. వేసవిలోనైనచో దినమునకు రెండుమాఱులు నీరు చల్లవలెను. రెండుమూడు నెలలకు, ఒక్కొక్కప్పుడు నాలుగునెలలకు, గాటుచోట వేళ్లు దిగును. అప్పుడు తల్లినుండి కోసి, మట్టిముద్దతో ఎత్తి, వేఱొకచోట నాటవలెను.

చెట్టును పెంచుటలో మఱియొక మర్మము కలదు. మల్లె క్రొత్తచిగురుల కొనలయందే పూయును. అందుచేత చలికాలమున కొన్నాళ్లు నీరు మాన్పి, ఆకు దూసి, ముదురుకొమ్మలను కత్తిరించి, పిమ్మట ఎరువు వేసి నీరు పెట్టవలెను. పెద్దతోటలు గలవారు ఆకు దూయుటకు బదులు మేకలను తోలి మేపించుటయు కలదు. జాలిపడి కత్తిరింపని చెట్టు ఆకులనే చూపును గాని పూలను చూపదు. పిల్లల పెంపకము సంగతి ఉపాధ్యాయుడనైన నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

మొత్తము తొమ్మిది కొమ్మలను త్రొక్కితిమి. ప్రతి ఇటుకమీదను మా మనుమరాలు సుద్దతో ఒక్కొక్కరి పేరు వ్రాసినది: పెదనాన్న, అత్తయ్య, పక్కింటివారు, బడిపంతులమ్మగారు, ఇట్లు. ఒక యిటుకమీద "తాతయ్య" యని యుండెను. అఱువదియాఱేండ్ల వయసున మా అమ్మ మల్లె నాకు మొదటిసారిగ వచ్చుచున్నది. అడుగని దోషము నాదే గదా!

భాద్రపదమాసమున మరల పోయి చూచితిని. తొమ్మిదింట ఏడు వేళ్లు దిగినవి. రెండు కుళ్లిపోయినవి. మా తమ్ముడు తన భాగపుదానిని కుండీలో బెట్టుకొని బందరు తీసికొనిపోయెను. నూతినుండి గుమ్మమువఱకు అమ్మ జాఱకుండ గచ్చుబాట వేయించెను. మిగిలినది ప్రస్తుతము నేలగనే యున్నది. బందరు వచ్చుటకు అమ్మ ఇంకను ఒప్పుకొనలేదు. ఎప్పుడు ఒప్పుకొనునో, ఒప్పుకొనకయే కాలము గడచునో, ఆ దైవమునకు తెలియును. కాని ఏడిండ్ల పెరళ్లలో ఆ మల్లె యుండునన్న ధైర్యము ఆమెకును మాకును కలిగినది.

పెద్దలారా, మీలో తల్లి బ్రదికియున్న భాగ్యవంతులు కొందఱుందురు. భార్య పెంచిన పెరడు గలవా రెందఱో యుందురు. నా మనవి యొక్కటియే. ఈసారి ఆ పెరటిలోనికి పోయినపుడు పూవును వాసన చూచి మరలిరావలదు. ఈ మొక్క ఎవరిచ్చినారని అడుగుడు. చెప్పిన పేరును మనుమలచేత ఒక పుస్తకమున వ్రాయింపుడు. గింజ కట్టునదైనచో గుప్పెడు గింజలను మూటగట్టి ఒకటికి రెండిండ్ల నుంచుడు. గింజ లేనిదైనచో వచ్చు వానకాలమున ఒక కొమ్మను వంచి, ఇటుక బరువుపెట్టి, దానిమీద ఎవరిదైన పేరు వ్రాయుడు. గింజలేని పూవునకు మన చేయియే గింజయని మా అమ్మ చెప్పిన మాటను మఱువకుడు.